ఓర్లీన్ కోసం ఆగిన చోటు

తాను పాడిన రికార్డు ఇంటికి చేరిన రోజు హోసియా టాల్బర్ట్ దాన్ని బల్ల మీద పెట్టి, కూతురు వేయించిన చేప తిన్నాడు. రుచి తెలియలేదు. భార్య ఓర్లీన్ చనిపోయిన చలికాలం నుంచి ఆయనకు దేని రుచీ తెలియడం లేదు. ఏడుపు కూడా రాలేదు.

అట్ట మీది ఫొటోలో ఆయన చుట్టూ జులపాల జుట్టు రాక్ కుర్రాళ్లు నవ్వుతున్నారు. లండన్ నుంచి షికాగో దాకా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. మంచి పిల్లలే, ఆ మాట కాదనకూడదు. ముందే కొట్లలోకి వచ్చిన ఆ రికార్డును మాత్రం అడిగే నాథుడు లేడు. హోసియా పాడే పాతకాలపు బ్లూస్ పాటలు వినేవాళ్లు "ఇదేం రాక్ గోల?" అన్నారు. రాక్ వినేవాళ్లు "ఈ ముసలాయన ఎవరు?" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

హోసియాకు ఆ దిగులు లేదు. ఆయనకు కావలసింది ఒక్క పాటే.

ఏళ్ల తరబడి ఇంట్లో శనివారం విందుల్లో ఆ పాట పాడాడు. "ఇంటికొస్తున్నా, తలుపు తీస్తావా?" అని అడిగి గిటారు ఆపేసేవాడు. వంటగదిలోంచి ఓర్లీన్ "ముందు ఎక్కడ తిరిగొచ్చావో చెప్పు!" అని అరిచేది. జనం గొల్లుమనేవారు. అప్పుడుగానీ చెయ్యి మళ్లీ తీగ మీద పడేది కాదు. ఇక ఆమె గొంతు ఎలాగూ లేదు. ఆమె కోసం ఆగే ఆ ఖాళీ చోటైనా రికార్డులో ఉండాలనుకున్నాడు.

స్టూడియోలో అక్కడ ఆగాడు కూడా. ఆ కుర్రాళ్లలో డ్రమ్ములు వాయించే కోలిన్, పెద్దాయన తర్వాతి మాట మరిచిపోయాడనుకున్నాడు. పరువు కాపాడదామని ఆ ఖాళీ నిండా దరువు దంచేశాడు. పాట అయ్యాక కన్ను కొట్టి, "కంగారుపడకండి టాల్బర్ట్ గారూ, మేం సర్దేశాంగా!" అన్నాడు.

సంగతి చెబితే మళ్లీ వాయించేవారే. కానీ చెప్పాలంటే ఓర్లీన్ పోయిందన్న మాట నోటితో అనాలి. హోసియా "బాగుంది నాయనా" అనేశాడు.

ఇప్పుడు కూతురు వెర్నీస్ గిన్నెలు కడగడం ఆపి, రికార్డు పెట్టింది. ఆ చోటు రాగానే డ్రమ్ములు విరుచుకుపడ్డాయి.

"ఇదేంటి నాన్నా, అమ్మ నోరు నొక్కేసినట్టు? ఎవడా తలమాసినవాడు?"

"మంచి కుర్రాడే. నేనే చెప్పలేదు."

హోసియా లేచి పాటను మళ్లీ మొదటినుంచి పెట్టాడు. పక్కనే నిలబడ్డాడు. "తలుపు తీస్తావా" అనగానే రికార్డు ప్లేయరు ముల్లు పైకెత్తి పట్టుకున్నాడు. వంటగదిలో కుళాయి కారుతోంది. వెర్నీస్ గొంతు సవరించుకుని, తల్లి మాట తాను అనబోయింది.

"నువ్వొద్దే," అన్నాడు హోసియా.

చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకున్నాడు. చూపు వంటగది వైపే ఉంది. అప్పుడు ముల్లును కొంచెం జరిపి, డ్రమ్ములు అయిపోయిన చోట దించాడు.