తాళం పగిలిన తారీకు

మా బిడ్డల్ని చంపినవాళ్ళకు క్షమాభిక్ష దొరికిందన్న సంగతి ద్రాక్షతోటలో, చేతుల్లో పారలుండగా విన్నాం.

అది పందొమ్మిది వందల అరవై రెండు, మార్చి. అల్జీరియాలో ఏడున్నరేళ్ళ యుద్ధం ఆగి మూడు రోజులైంది. ఆ ఉదయం రూవేల్ దొర మమ్మల్ని సాళ్ళ మధ్య నిలబెట్టి, పేపర్లోంచి ఒప్పందం చదివాడు. తోట దొరదే. ఫ్రెంచి సైన్యం చేసినదానికి విచారణ లేదు, మావాళ్ళు చేసినదానికీ లేదు.

"అంతా మర్చిపోదాం. పనిలోకి దిగండి" అన్నాడు.

మా ఊరి తావుస్ అత్త కదల్లేదు. మూడేళ్ళ కిందట ఆమె కొడుకు మొహూబ్‌ను సైనికులు దొర ద్రాక్షసారా పీపాలు దాచే కొట్టులోకి ఈడ్చుకెళ్ళారు. మూడు రోజులు వాడి కేకలు వింటూనే ఆమె మొదళ్ళు తవ్వింది. నాలుగో రోజు కేక వినబడలేదు. పారిపోయాడన్నారు.

"మర్చిపోతాను దొరా. వాడెక్కడున్నాడో చెప్పు, మర్చిపోతాను."

"నాకేం తెలుసు? సైన్యాన్ని అడుక్కో."

"కొట్టు నీదే గదా?"

దొర వెనుదిరిగాడు. అత్త పార కిందపడేసి మట్టిలో కూర్చుంది. పక్కనే నేను కూర్చున్నాను. ఆ తర్వాత సాలు వెంబడి అందరూ, అరవైమందిమి కూర్చున్నాం. తోటలో పని ఆగిపోయింది.

మధ్యాహ్నానికి లఖ్దర్ వచ్చాడు. మా విమోచన దళం మనిషి. పేడతట్టల అడుగున బార్లీ రొట్టెలు దాచి నాలుగేళ్ళు మేం తిండి పెట్టినవాడు.

"లేవండక్కా! రెచ్చగొడితే మళ్ళీ కాల్పులు మొదలౌతాయి. ఫ్రెంచోళ్ళు దానికోసమే కాచుక్కూచున్నారు. మూడు నెలలు ఓపిక పట్టండి, ఓటేద్దాం, జెండా ఎత్తుదాం."

"మూడు నెలల్లో ఆ కొట్టు నేల మీద ఇంకో పొర సిమెంటు పడుద్ది" అన్నాడు నా భర్త బెలాయిద్. "గెలిచామంటున్నావే, గెలిచినోళ్ళం ఒక్క తలుపు తియ్యలేమా?"

"మేం సంతకం పెట్టాం బెలాయిద్!"

"సంతకాన్ని తప్పు పట్టట్లేదు నాయనా" అంది తావుస్ అత్త మెల్లగా. "మిగిలిన పిల్లలు బతకాలంటే పెట్టాల్సిందే. కానీ నా బిడ్డ ఊసు తుడిచేసేటప్పుడు నన్నొక్క మాట అడగాల్సింది."

 బెలాయిద్ గునపం తీసుకుని లేచాడు. అతని వెనక మేమందరం లేచాం.

ఒక్క దెబ్బకు కొట్టు తాళం ఊడిపోయింది. పీపాలు పక్కకు దొర్లించాం. గోడవారన ఒకచోట సిమెంటు రంగు వేరుగా ఉంది. మగవాళ్ళు పగలగొడుతుంటే ఆడవాళ్ళం చేతులతో మట్టి ఎత్తాం. మోకాలి లోతులో మొదటి మనిషి కనిపించాడు. అతని కింద ఇంకొకరు. మొత్తం నలుగురు. నలుగురి చేతులూ వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. ద్రాక్షకొమ్మల్ని కట్టడానికి రోజూ మాకిచ్చే ఇనుప తీగే అది.

తావుస్ అత్త గోతిలోకి దిగింది. ఏడవలేదు. మొహాలు గుర్తుపట్టేలా లేవు, ఒక్కొక్కరినీ తల నుంచి కాలిదాకా జానలేసి కొలిచింది. మొహూబ్ పొడగరి. నాలుగోవాడిని కొలిచాక మళ్ళీ రెండోవాడి దగ్గరికొచ్చింది. మళ్ళీ కొలిచింది.

"ఇద్దరూ ఒకే పొడుగున్నారే..." అంది. "వీళ్ళలో ఒకడు నావాడు. ఆ ఇంకొకడి తల్లి ఎక్కడుందో, ఆమెకు కబురు పెట్టండి. ఆమె వచ్చేదాకా ఎవర్నీ పూడ్చొద్దు."

అప్పటిదాకా బిగబట్టుకున్నవాళ్ళమంతా అక్కడే కూలబడి ఏడ్చాం.

సాయంత్రం పోలీసు జీపులు వచ్చాయి. అధికారి గోతిలోకి తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు.

"తాళం ఎవరు పగలగొట్టారు?"

"నేనే" అన్నాడు బెలాయిద్. "వీళ్ళనెవరు చంపారో కూడా అడగరా?"

"క్షమాభిక్ష యుద్ధం ఆగిన పందొమ్మిదో తారీకు దాకా జరిగినవాటికే. తాళం పగిలింది ఈవేళ."

నా మొగుడి చేతులు కూడా వెనక్కే కట్టారు. నేను జీపుకు అడ్డం పడితే తుపాకీ మడమతో నెట్టారు. లఖ్దర్ "ఆగండి, ఆగండి" అంటూ వెంట పరుగెత్తాడు. ఎవరికి చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు మేం పనికి వెళ్ళలేదు. కబురు పాకి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. కొడుకులు కనబడకుండా పోయినవాళ్ళు, మొగుళ్ళు పోయినవాళ్ళు. మధ్యాహ్నానికి మూడొందలమంది అయ్యాం. కొందరిని గోతి దగ్గర కాపలా ఉంచి, మిగతావాళ్ళం పారలతో పక్క తోటకు నడిచాం. అక్కడా ఒక కొట్టుంది, అక్కడా సైన్యం ఉండేది. మమ్మల్ని చూసి కాపలావాడు గేటు మూసేశాడు.

"ఎవరు కావాలి మీకు?"

తావుస్ అత్త కమ్మీలు పట్టుకుంది.

"తలుపు తియ్యి. మా పిల్లలు లోపలున్నారు."