ముజ్‌కోల్ సర్పం ముందు నడిచినవాళ్ళు

పాటలన్నీ ఒకే చోట ఆగిపోతాయి. ఘటసర్పం ముజ్‌కోల్ సరస్సులో మునుగుతుంది, మంచు దాని మీద మూసుకుంటుంది, ఉల్జాన్ కొండ దిగి వస్తుంది, జనం టోపీలు గాల్లోకి విసురుతారు. అంతే. ఆమెతో పాటు కొండెక్కిన మొగుడు సాబిర్ పేరు ఏ పాటలోనూ ఉండదు. ఆ తర్వాత ఆమె ఏమైందో కూడా ఎవరూ పాడరు. మా మేతబీడు వాళ్ళం చూశాం కాబట్టి మాకు తెలుసు.

ఆమె అత్త బత్మాతో కలిసి ఒకే గుడారంలో ఉండేది. గొర్రెబొచ్చు ఉతికి, పరిచి, వేడినీళ్ళు చల్లి, చాపలో చుట్టి, కాళ్ళతో తొక్కి కంబళ్ళు చేసేది. కుడిచేతి చివరి వేళ్ళు ఆనాటి మంచుకే పోయాయి. పాటగాళ్ళు వస్తున్నారంటే చాలు, గుడారం తెర దించేసుకునేది.

ఆ సర్పానికి కళ్ళు లేవు. కింది దవడ నేలకు ఆనించి వింటుంది. పళ్ళ మధ్య పెట్టుకుని మీటే మోర్సింగ్ మోగుతున్నంతసేపూ ఆవు వెనక దూడలా నడుస్తుంది. మోత ఆగిందంటే దగ్గర్లో ఏది కదిలితే దాన్ని మింగేస్తుంది. తప్పిపోయిన గుర్రప్పిల్లను వెతుకుతూ పోయినప్పుడు ఉల్జాన్‌కు ఈ సంగతి తెలిసింది. ఇందులో గొప్పేమీ లేదు, నోట్లో పళ్ళున్నవాళ్ళెవరైనా చెయ్యొచ్చని ఆమె కనపడ్డ అందరికీ చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. వాళ్ళకు కావలసింది దేవుడు పంపిన ఆడమనిషి.

లోయలోంచి సర్పాన్ని కొండపై సరస్సుదాకా నడిపించాలంటే ఒక్క నోరు చాలదు. అందుకే అప్పట్లో ఆమే సాబిరూ వంతులు వేసుకుని వాయించారు. సరస్సు మీద మంచు పగిలి సాబిర్ నీళ్ళలో పడినప్పుడు వంతు ఆమెది. మోర్సింగ్ తీసేసి చెయ్యి అందిస్తే సర్పం ఇద్దర్నీ మింగి, మళ్ళీ లోయలోకి దిగేది. ఆమె వాయిస్తూనే ఉంది. సాబిర్ మునిగిపోయేదాకా, ఆ తర్వాత కూడా.

గొర్రెలు ఈనుతున్న రోజుల్లో కారాసై కోట నుంచి కబురొచ్చింది. తెచ్చినవాడు కోట కాపలాదళం పెద్ద జంగాజి. ముసలి ఖాన్ చనిపోయాడని, కూతురు సిర్గా గద్దెనెక్కిందని మాకు అప్పటికే తెలుసు. ఖాన్ తమ్ముడు బోలోత్ దానికి ఒప్పుకోలేదనీ తెలుసు. ఎందుకంటే ఆ చలికాలమే బోలోత్ మనుషులు మా బీడు మీద పడి, చేతికందిన కుర్రాళ్ళందరినీ సైన్యంలోకి ఈడ్చుకుపోయారు. ఉల్జాన్ తమ్ముడు ఎసెన్ కూడా వాళ్ళలో ఉన్నాడు.

జంగాజి గుడారంలోకి వచ్చి కూర్చున్నాడు. పులిసిన గుర్రప్పాలు ఇస్తే తాగాడు. రాణిగారు ఉల్జాన్‌ను కొలువులోకి పిలుస్తున్నారని, సర్పాన్ని కాచే పదవి ఇస్తారని చెప్పాడు. పోరాటంలో ముందుపళ్ళు పోయాయేమో, మాటలు ఈల వేసినట్టు వస్తున్నాయి.

ఉల్జాన్ కంబళి తొక్కడం ఆపలేదు. రాలేనని మాత్రం చెప్పింది.

బత్మా ఊరుకోలేదు. "మీ రాజులకు మా ఇంట్లోంచి ఒక మనిషిని ఇచ్చేశాం నాయనా. మిగిలింది ఈ ఒక్కతే. మనిషే కావాలంటే నన్ను తీసుకుపో. నాకూ పళ్ళు లేవు, నిన్ను కొరకను."

జంగాజి తల వంచుకున్నాడు. బెదిరిస్తాడనుకున్నాం, బెదిరించలేదు. బోలోత్ సైన్యం ఇరుకులోయ మొగదల దిగిందని, కోట ఎక్కువ రోజులు ఆగదని చెప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పాటలు ఆయన కూడా విన్నాడమ్మా. కోట పడితే ఆ మర్నాడే నీకోసం వస్తాడు. ఆయన పిలవడు, తాడు తెస్తాడు."

ఉల్జాన్ ఆగింది. తమ్ముడు ఆ లోయ మొగదలే ఉన్నాడు. కాసేపటికి కాళ్ళు తుడుచుకుని పెట్టె అడుగు నుంచి మోర్సింగ్ తీసింది. దాన్ని చూడగానే బత్మా మొహం పక్కకు తిప్పుకుంది. దారిలోకి ఎండు పెరుగుండలు మూటగట్టి ఇచ్చిందే గానీ కోడలితో మాట్లాడలేదు.

రాణి ఎలా ఉంటుందోనని ఉల్జాన్ దారంతా అనుకుంటూ పోయింది. పొగరుబోతైతే ఎదురు తిరగడం తేలిక. తీరా చూస్తే గద్దె మీద ఇరవయ్యేళ్ళు కూడా నిండని పిల్ల కూర్చుని ఉంది. తండ్రి అంగీ తొడుక్కుంది, దాని పొడుగు చేతుల్లోంచి వేళ్ళ చివర్లు మాత్రమే కనపడుతున్నాయి. గోళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి.

"సర్పంతో సరస్సు గట్టు తెంపించు అక్కా," అంది సిర్గా, ముందుమాటలేమీ లేకుండా. "సర్పం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే సరస్సంతా లోయలోకి దిగుతుంది. ఈ కోట ఎత్తు మీద ఉంది. కింద బాబాయి సైన్యం మాత్రం మిగలదు."

"ఆ సైన్యంలో నా తమ్ముడున్నాడమ్మా. మా బీడు కుర్రాళ్ళందరూ ఉన్నారు. వాళ్ళు పోలేదు, కట్టి లాక్కుపోయారు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నారా?"

రాణి గద్దె అంచుకు జరిగింది. "మరి నన్నేం చెయ్యమంటావు? గోడ పడితే నా తల ఒక్కటే పోదు. లోపల పసిపిల్లల తల్లులున్నారు. నీకు నీ తమ్ముడు, నాకు వీళ్ళు. ఇంకో దారుంటే చెప్పు, అదే చేస్తాను."

ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదు. అదే కష్టమైపోయింది ఉల్జాన్‌కు. ఆమె చాలాసేపు ఆలోచించి, నీళ్ళు వదలనని చెప్పింది. సర్పాన్ని నడిపించుకుంటూ లోయలోకి తెస్తానంది, పట్టపగలు, అందరికీ కనపడేలా. దాన్ని చూసి ఎవడూ నిలబడడు, కట్టి తెచ్చిన కుర్రాళ్ళు అసలే నిలబడరు. ముందు మైదానం ఉంది, పారిపోతారు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకుపోయి పడుకోబెట్టాలి. అయితే రెండో నోరు కావాలి.

జంగాజి ముందుకొచ్చాడు. ఉల్జాన్ అతని నోటి వంక చూసింది. వెనక నిలబడ్డ భటులు నవ్వు దిగమింగుకున్నారు. తన చెలికత్తెల్లో ఎవరు కావాలంటే వాళ్ళను తీసుకుపొమ్మంది రాణి.

"మీకు వాయించడం వచ్చా?" అని అడిగింది ఉల్జాన్.

"చిన్నప్పుడు అందరిలాగే."

"అయితే మీరే రండి."

గద్దె ఖాళీగా ఉండకూడదని జంగాజి అడ్డం వచ్చాడు. ఉల్జాన్ అతని వైపు చూడనే లేదు. "ఇంకొకరి బిడ్డను దాని ముందుకు రమ్మని నేను పిలవను. ఈ పని కావాలన్నది మీరు."

సిర్గా మొహం పాలిపోయింది. లేచి నిలబడి, తండ్రి అంగీ విప్పి గద్దె మీద పెట్టింది. ఎప్పుడు బయలుదేరాలని మాత్రమే అడిగింది.

మర్నాడు పొద్దు పొడిచేసరికి ఇద్దరూ సరస్సు దగ్గరున్నారు. వసంతపు మంచు, పలచబడి నల్లగా ఉంది. ఉల్జాన్ ఒడ్డునే నిలబడి మోర్సింగ్ పళ్ళ మధ్య పెట్టుకుని ఎడమచేత్తో మీటింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మంచు కింద ఏదో బరువుగా జరిగినట్టు కాళ్ళకు తెలిసింది. సిర్గా ఆమె నడుం పట్టీ గట్టిగా పట్టుకుంది. సరస్సు మధ్యలో మంచు ఉబ్బి పగిలింది, పాచి పట్టిన తల పైకి లేచింది, కోట తలుపంత వెడల్పు. అది ఒడ్డుకొచ్చి దవడ నేలకు ఆనించింది. దాని ఊపిరికి చేపల వాసన, పాతనీళ్ళ వాసన.

సిర్గా పరిగెత్తలేదు. ఉల్జాన్ వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది.

లోయదారిలో పెదాలు మొద్దుబారినప్పుడల్లా మోర్సింగ్ చేతులు మారింది. ఒకరి మోత ఆరిపోయేలోపే ఇంకొకరు అందుకోవాలి. మొదటిసారి సిర్గా ఒక్క క్షణం ఆలస్యం చేసింది. వెనక తల గాల్లోకి లేచిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. ఆ తర్వాత మళ్ళీ ఆలస్యం చెయ్యలేదు. కోట గోడ కింద నుంచి పోతున్నప్పుడు పైన ఒక్క మనిషి కూడా కదలలేదు. పిల్లల నోళ్ళు తల్లులు మూసి పట్టుకున్నారు.

సైన్యం వాళ్ళను మధ్యాహ్నానికి చూసింది. మొదట కాపలావాళ్ళు బల్లేలు పారేశారు. ఆ తర్వాత గుర్రాలు తాళ్ళు తెంపుకున్నాయి. ఉల్జాన్ అనుకున్నట్టే కుర్రాళ్ళు వంటపాత్రలు తన్నుకుంటూ మైదానంలోకి పరిగెత్తారు. ఆమె అడుగులు నెమ్మది చేసింది, అందరికీ వ్యవధి ఉండాలని. గుడారాలు ఖాళీ అవుతున్నాయి. ఇక వెనక్కి తిరగొచ్చు అనుకుంటున్నప్పుడే బోలోత్ కనిపించాడు.

అతను పిరికివాడు కాడు, తెలివితక్కువవాడూ కాడు. గుర్రం కళ్ళకు గంతలు కట్టించి, దిబ్బ మీద నిలబడ్డాడు. మోత ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు. సర్పానికి అందరికంటే దగ్గరగా ఉన్నది అన్న కూతురు. విల్లు ఎక్కుపెట్టి, వాయిస్తున్న ఉల్జాన్‌ను కొట్టాడు.

బాణం ఎడమభుజంలో దిగింది. ఆమె వెల్లకిలా పడింది, మోర్సింగ్ రాళ్ళలో పడింది. మోత ఆగిపోయింది.

సర్పం తల పైకెత్తింది. లోయలో గాలి కూడా వినపడేంత నిశ్శబ్దం. సిర్గా ఉల్జాన్ మీదకు వంగినది వంగినట్టే ఉండిపోయింది. అయితే బోలోత్ గుర్రానికి సర్పం వాసన తగిలింది. గంతలున్నా ముక్కు ఉంది కదా. అది వెనక్కి తిరిగి పరుగందుకుంది. గిట్టల చప్పుడు మీదకు సర్పం ఒక్క ఉరుకు ఉరికింది. దిబ్బ మీద దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక గుర్రమూ లేదు, బోలోత్ కూడా లేడు.

ఇంతలో ఒక కుర్రాడు మైదానం వైపు కాకుండా ఎదురుగా పరిగెత్తుకొస్తున్నాడు. అక్క పడిపోవడం చూసిన ఎసెన్. సర్పం దవడ మళ్ళీ నేలకు ఆనింది. అతని అడుగులు దానికి వినపడుతున్నాయి.

ఉల్జాన్ అరవలేదు, అరిస్తే తనవైపే వస్తుంది. సిర్గా ఆమె భుజం మీద గుడ్డ అదుముతోంది. ఉల్జాన్ ఆ చెయ్యి తోసేసింది. "నన్నొదిలెయ్యి," అంది గుసగుసగా. "నువ్వు మోర్సింగ్ తీసుకో."

సిర్గా రాళ్ళలో వెతికింది. దొరికింది. పళ్ళ మధ్య తిన్నగా పెట్టుకోలేదు, మొదటి మీటుకే పెదవి కోసుకుంది. వచ్చింది రాగం కాదు, కీచుమన్న ఒక మోత. దాని వెనక ఇంకొకటి. ఎసెన్ నిలబడిపోయాడు. సర్పం తల అతని మీద, గుడారం పైకప్పు అంత ఎత్తులో ఆగింది. చల్లటి నీళ్ళు అతని మొహం మీద కారాయి. నెత్తురు గడ్డం మీదుగా జారుతుంటే రాణి వాయిస్తూనే ఉంది. తల మెల్లగా ఆమె వైపు తిరిగింది.

ఎసెన్ అక్కను వీపున వేసుకున్నాడు. బాణం కాడ విరిచేశారు, మొన అలాగే ఉంచారు, తీస్తే నెత్తురు ఆగదని. అలా మళ్ళీ కొండెక్కారు. సిర్గా పెదాలు ఇక మీటనివ్వనప్పుడు ఉల్జాన్ తమ్ముడి భుజం మీద నుంచి వంగి, చివరి వేళ్ళు లేని కుడిచేత్తోనే మీటింది. ఆమెకు స్పృహ తప్పబోతే సిర్గా అందుకుంది. పొద్దు కుంకేలోపు సర్పం సరస్సులోకి జారింది. నీళ్ళు కదలడం మానేదాకా సిర్గా ఆపలేదు. ఆపాక గట్టు మీదే కూలబడి వాంతి చేసుకుంది.

బోలోత్ మనుషులు చేతులు ఖాళీగా, ఇద్దరూ ముగ్గురుగా కోటకొచ్చారు. రాణి వాళ్ళకు తిండి పెట్టించి, గొర్రెలు ఈనుతున్నాయి, ఇళ్ళకు పొండని పంపేసింది. ఆమె పెదవి మీద మచ్చ ఉండిపోయింది.

ఉల్జాన్‌కు కోటలోనే మొన తీశారు. జ్వరం తగ్గేసరికి పదవి మాట మళ్ళీ వచ్చింది. పట్టు అంగీ, వేరే ఇల్లు, కొలువులో చోటు. ఉల్జాన్ ఆ అంగీని తాకలేదు.

"ఇది ఆజ్ఞ అంటే?" అంది సిర్గా.

"అంటే ఉంటాను. ఏం చేస్తాను? కానీ ఎందుకమ్మా? సర్పాన్ని వెనక్కి తెచ్చింది ఎవరు? మీరు. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, ఎవరైనా చెయ్యొచ్చని."

సిర్గా జవాబు చెప్పేలోపే బయట గొడవైంది. బత్మా ఎద్దు మీద కొండ దిగి వచ్చింది. కోటతలుపు దగ్గర భటుడు రాణిగారి అనుమతి కావాలన్నాడట. "నా కోడల్ని తీసుకుపోయినప్పుడు నా అనుమతి ఎవడడిగాడు?" అంటూ అతన్ని చేతికర్రతో పక్కకు నెట్టి లోపలికొచ్చింది. కోడలి భుజం చూసింది. రాణి పెదవి చూసింది. ఇద్దరి మధ్యా కూర్చుంది. సిర్గా ఆమె చేతులు పట్టుకుని, మీ అబ్బాయి గురించి చెప్పమ్మా అంది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. బత్మా ఆ సాయంత్రమంతా సాబిర్ గురించి చెప్పింది, చిన్నప్పటి నుంచీ. ఉల్జాన్‌కు కూడా తెలియని సంగతులు కొన్ని ఉన్నాయట.

మర్నాడు అత్తాకోడళ్ళు బయలుదేరితే రాణి ఆపలేదు. సర్పాన్ని కాచే పదవి తానే ఉంచుకుంది. ఇప్పుడు ఏటా మంచు కరిగే ముందు కోట ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని సరస్సుకు పోతుంది. వాళ్ళను దూరంగా కూర్చోబెట్టి ఊపిరి తెగకుండా వాయించడం నేర్పిస్తుంది.

ఉల్జాన్ ఎడమచెయ్యి భుజం కంటే పైకి లేవదు. అందుకే ఇప్పుడు చాప చుట్టి కంబళ్ళు తొక్కేది ఎసెన్. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తాయి. చలికాలం కప్పుకున్నవాళ్ళం తిట్టుకుంటూనే కప్పుకుంటాం. ఉల్జాన్ పక్కన కూర్చుని నీళ్ళు చల్లుతూ, సరిగ్గా తొక్కరా అని రోజంతా వాడిని సాధిస్తూ ఉంటుంది.