ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీద నా కుళ్లు

నేను ఒక టేకు కుర్చీని. పుట్టింది విజయనగరంలో. నన్ను చేయించినవాడు ఫొటో స్టూడియో పాపారావు. కూర్చున్నవాడు జమీందారులా కనపడాలి అని వడ్రంగికి ఒక్క మాట చెప్పాడట. దాంతో నాకు నిటారైన వీపు, బలమైన చేతులు, నెత్తిన రెండు నెమళ్లు వచ్చాయి.

నలభై ఏళ్లపాటు ఊళ్లో పెద్దమనుషులంతా నామీద కూర్చున్నారు. పెళ్లయిన కొత్తలో వచ్చే జంటల్లో భర్త కూర్చునేవాడు, భార్య పక్కన నిలబడేది. ముసలివాళ్లని కొడుకులు రిక్షాలో తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. రేపు గోడకి తగిలించుకోవడానికి ఒక ఫొటో ఉండాలి కదా అన్న సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. ముసలివాళ్లకి మాత్రం తెలిసిపోయేది. ఆ ఫొటోల్లో వాళ్ల కళ్లు అంత పెద్దవిగా ఉండేది అందుకే. "కదలకండి" అనేవాడు పాపారావు. ఫొటో అయిపోగానే లేచి, నావైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయేవారు. అప్పట్లో నాకదేమీ లోటుగా తోచలేదు.

స్టూడియో మూతపడ్డాక విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడికి వచ్చింది ఇందుమతి. బ్యాంకులో ఆఫీసరు. ఎంవీపీ కాలనీలో కొత్తగా కొన్న ఫ్లాటులో హాలుని వెనకటి కాలం ఇంటిలా దిద్దుకోవాలని ఆమె కోరిక. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. కొట్టువాడు అది కనిపెట్టి, నాతోపాటు ఒక పటం కూడా అంటగట్టాడు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన నామీద కూర్చుని తీయించుకున్న ఫొటో అది. ఆయనెవరో కొట్టువాడికి తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకూ గుర్తులేదు. నిమిషంసేపు కూర్చుని పోయినవాళ్లని ఎందరినని గుర్తుపెట్టుకుంటాను?

హాలు గోడలకి నెమలికంఠం రంగు వేయించారు. ఆవపిండి రంగు మఖమలు సోఫా వచ్చింది. వేలితో తిప్పే నల్ల టెలిఫోను వచ్చింది, దానికి తీగ లేదు. చెక్కపెట్టె రేడియో వచ్చింది, దానికి గొంతు లేదు. నన్ను కిటికీ పక్కన నిలబెట్టి, నా పైన పెద్దాయన పటం తగిలించారు. "హాలుకి కళంతా ఈ కుర్చీదే" అంది ఇందుమతి. సోఫా నిన్నగాక మొన్న కార్ఖానాలోంచి వచ్చి పాతదానిలా నటిస్తోంది. నేను నిజంగా పాతదాన్ని. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పుడు వరహాలమ్మ వచ్చింది. ఇందుమతి అత్తగారు. డెబ్బై దాటాయి, మోకాళ్లు వంగవు. మఖమలు సోఫాలో ఒకసారి కూర్చుని లేవలేకపోతే కొడుకు సన్యాసిరావు, కోడలు చెరో చెయ్యీ పట్టుకుని లేపారు. ఇక నా వంతే అనుకున్నాను. ఆమె నా దగ్గరకి వచ్చింది. పటంలో పెద్దాయన్ని చూసింది, నన్ను చూసింది, చెంపలు వేసుకుని వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బాల్కనీలోంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకొచ్చింది.

దాని అందం కూడా చెబుతాను వినండి. ఎండకి సగం వెలిసిపోయింది. వీపున ఎప్పటిదో కాకిరెట్ట మరక. అలాంటిదాని మీద వరహాలమ్మ రోజూ గంటన్నరసేపు కూర్చునేది. సీరియల్ చూస్తూ చిక్కుడుకాయలు ఒలిచేది. కునికేది. ఆమె నవ్వితే అదీ కిర్రుమని నవ్వేది. గంటన్నర! నా జన్మలో నామీద ఎవరూ అంతసేపు కూర్చున్న పాపాన పోలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. దాని కాలు విరగాలని రోజుకి పదిసార్లు కోరుకునేదాన్ని.

కాలు విరగలేదు కానీ నా కోరిక మరో దారిన తీరింది. "ఆ ఎరుపు గదినంతా పాడుచేస్తోంది అత్తయ్యా, బాల్కనీలోనే ఉంచుదాం" అంది ఇందుమతి. వరహాలమ్మ కుర్చీని ఈడ్చుకుంటూ బాల్కనీలోకి పోయింది. పోయి, దానిమీదే కూర్చుండిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సీరియల్ మాటలు అక్కణ్ణించే వినేది. హాల్లో అందరం ఉన్నాం, ఆమె లేదు. అంత ఎండలోనూ ఆమె దానిదేనని నాకు కడుపు రగిలిపోయింది.

అత్తగారు అలిగిందని ఇందుమతి అనుకుంది. "ఇంత మంచి కుర్చీ ఉంది కదా, కూర్చోవద్దని నేనన్నానా?" అంది మొగుడితో. "నువ్వే అడగరాదూ" అని సన్యాసిరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అడగలేదు.

ఆమె బాల్కనీకి చేరిన ఎనిమిదో రోజు మహాలయ అమావాస్య. పొద్దున్నే తలస్నానం చేసి వరహాలమ్మ హాల్లోకి వచ్చింది. పటం అద్దానికి బొట్టు పెట్టి, పైన ఒక చామంతి పువ్వు గుచ్చింది. ఇందుమతి ఆశ్చర్యపోయింది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"పెద్దల అమాస కదేటమ్మా. ఆపీసు గోలలో నువ్వు మర్సిపోతావని, మీ తాతగారికి నానే ఓ పువ్వెడతన్నాను."

"మా తాతగారా?"

"మరి కాదేటి? ఆయన కూకున్న కుర్సీయే కదా ఇది, పటంలో కనబడతంది. నీ పుట్టింటి పెద్దాయన కుర్సీలో నానెలా కూకుంటాను? తప్పు కాదేటి?"

ఇందుమతి పటం వైపు ఒకసారి చూసి, "ఆయనెవరో నాకు తెలీదు అత్తయ్యా. కుర్చీతోపాటు కొన్నాను" అంది.

"ఓలమ్మో! ఎవులింటి పెద్దాయన్నో కొనుక్కొచ్చీసి గోడకి ఏలాడదీసినావా?" వరహాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "పోన్లే, ఆయన పిల్లలు ఎక్కడున్నారో ఏటో. ఓ పువ్వు మనం ఎట్టినాం."

ఇందుమతి నవ్వబోయింది. నవ్వు రాక కళ్లు తుడుచుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకుని నామీద కూర్చోబెట్టింది.

ఎన్నాళ్ల ఆశ నాది! ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను, కిర్రుమనకుండా నిలబడ్డాను. నిమిషం గడిచిందో లేదో వరహాలమ్మ నడుం పట్టుకుంది.

"ఇదేటి కుర్సీయే తల్లీ, బడిపంతులు ముందర కూకున్నట్టుంది."

అప్పుడు తెలిసింది నాకు. నన్ను చేసింది కూర్చోవడానికి కాదు, కూర్చున్నట్టు కనపడడానికి. ఇందుమతి తనే బాల్కనీలోకి వెళ్లింది. ఎర్ర కుర్చీని మోసుకొచ్చి, తడిగుడ్డతో తుడిచి, నా పక్కనే వేసింది. "గది పాడయిపోదేటి?" అంది వరహాలమ్మ. "పోనివ్వండి" అంది కోడలు.

ఇప్పుడు మేమిద్దరం పక్కపక్కనే ఉంటున్నాం. రోజూ గంటన్నరసేపు దాని వైభవం చూస్తూ ఉడికిపోతాను. నా కుళ్లు పోలేదు, దాచుకోవడమెందుకు? కానీ సీరియల్ అయ్యాక వరహాలమ్మ లేవాలి. ప్లాస్టిక్ చేతులు ఆమె బరువుకి వంగిపోతాయి. అందుకని పక్కకి తిరిగి, నా చేతిని గట్టిగా పట్టుకుని, "అమ్మా" అంటూ లేచి నిలబడుతుంది. ఆ కాసేపు దానికి నన్ను చూస్తే కుళ్లు పుట్టాలి. పుట్టి తీరాలి.