ఎర్ర రిబ్బను కట్టిన కొమ్మ

మూడో ఫొటో దగ్గరే గార్డుకు అనుమానం మొదలైంది. నాలుగోది చూసేసరికి అది ఖాయమైంది.

నది వెంబడి రక్షిత అడవిలో పన్నెండు కిలోమీటర్ల గట్టుకు ఆమె కాపలా. ఆ గట్టులో నీటికుక్కలు కాపురముండే బొరియలు అయిదు. నెల తిరక్కుండా నాలుగు ఖాళీ అయ్యాయి. మొదటిది ఖాళీ కాగానే, దొంగ ఎవడో తేల్చాలని బొరియల దగ్గరి చెట్లకు కెమెరాలు బిగించింది. ఈ ఉదయం ఆ ఫొటోలు ఆఫీసు కంప్యూటరులో తెరిస్తే వాడు దొరికాడు. ముఖానికి గుడ్డ, చేతిలో తీగ ఉచ్చు.

"గుర్తుపట్టావా వదినా?" వెనక నుంచి మరిది అడిగాడు. గస్తీ పడవ నడిపేది అతనే.

"మొహం సంగతి వదిలెయ్. వాడి చూపు ఎక్కడుందో చూడు."

అడుగుజాడలు వెతికేవాడు నేల చూడాలి. వీడు నాలుగు ఫొటోల్లోనూ తల పైకెత్తి ఉన్నాడు. కొమ్మకేసి చూస్తున్నాడు. కొమ్మకు వేలాడుతున్న ఎర్ర రిబ్బనుకేసి.

ఆ రిబ్బన్లు కట్టింది తనే! బొరియలున్న చోట ఎవరూ పడవ ఆపకూడదని, ఇంజను మోతతో పిల్లలు బెదరకూడదని. "అడవికి రెండు జడలు వేస్తున్నావా వదినా?" అని మరిది ఆటపట్టించాడు కూడా.

"వాడికి దారి చూపించింది నేనేరా," అంది.

మరిది తెరకేసి వంగాడు. "అయిదోదానికి ఎప్పుడు కట్టావు?"

"నిన్న సాయంత్రం."

నిన్ననే ఆ బొరియలో పసికూనల కీచుకూతలు విని మురిసిపోయింది. మురిసిపోయి మరీ కట్టింది.

పడవ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. వంపు తిరగ్గానే రిబ్బను కనిపించింది, అంత దూరం నుంచీ ఎర్రగా, స్పష్టంగా. దాని కింద బురదలో తల్లి నీటికుక్క గిలగిలలాడుతోంది. తీగ మెడకు బిగిసింది.

దుప్పటి విసిరి మీద పడింది గార్డు. కటింగ్ ప్లేయరుతో తీగ తెంపేలోగా పళ్లు అరచేతిలో దిగాయి. తల్లి ఒక్క ఉదుటున నీళ్లలో మునిగి, గట్టు కింద తేలి, బొరియలోకి దూరింది. లోపల కీచుకూతలు మొదలయ్యాయి.

రక్తం కారుతున్న చేత్తోనే ఆమె రిబ్బను ముడి విప్పబోయింది. ముడి రావడం లేదు.

"ఇంత గట్టిగా కట్టావేంటి వదినా?"

"గాలికి ఊడిపోకూడదని."

మరిది కత్తితో కోసి రిబ్బనును నదిలోకి విసరబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పారెయ్యకు. అవతలి వంపులో ఖాళీ గట్టుంది. అక్కడ కడదాం."

"అక్కడేముంది? ఒక్క బొరియా లేదుగా!"

"పైకి చూస్తూ వాడు వస్తాడు. కింద మనముంటాం."