రెండొందల యాభైకి తక్కువ లేదు

మా ఊళ్ళో బెల్టుషాపుకి ఏటా వేలం వేస్తారు. ఇది చట్టంలో లేదు, మా ఊరి కట్టుబాట్లలో ఉంది. ఎవరి పాట ఎక్కువైతే ఏడాదిపాటు ఊళ్ళో మందు అమ్మే హక్కు వాళ్ళది. పాట డబ్బు గ్రామదేవత పండగకి పోతుంది. తాగేది మేము, పండగ చేయించుకునేది అమ్మవారు, మధ్యలో బాగుపడేది పోతురాజు. ఆరేళ్ళుగా పాట అతనిదే. రాజాంలో తొంభైతొమ్మిదికి క్వార్టరు తెచ్చి ఇక్కడ నూట ఇరవైకి అమ్మేవాడు. రోజూ సాయంత్రం అందులో ఒకటి నాది. నా పేరు జగన్నాధం. పొలం పని చేసినవాడి ఒళ్ళు నొప్పులకి అంతకన్నా మంచి మందు లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఈ సుఖానికి నిప్పు పెట్టింది ప్రిస్కిల్లా నర్సమ్మ. బీపీలు చూడ్డానికి వచ్చిన మనిషి చూసి పోక, డ్వాక్రా ఆడవాళ్ళకి కబుర్లు చెప్పింది. స్కాట్లండు అనే చోట ఇంతకన్నా తక్కువకి మందు అమ్మకూడదని ప్రభుత్వమే కనీస ధర పెట్టిందట. అది విన్న మా ఆవిడ ఈశ్వరి ఆ పూట కూర మాడబెట్టింది.

“గవర్నమెంటు పెట్టకపోతే ఏటి, మనమే పెడదాం,” అంది.

“ఎలాగే?”

“పోతురాజు మీద పాట పెంచుకుంటూ పోతాను. ఆడు ఎంత ఎక్కువకి పాడుకుంటే సీసా అంత ఎక్కువకి అమ్ముకోవాల. అప్పుడు నువ్వెలాగ తాగుతావో సూత్తాను.”

“పాట నీ మీద పడిపోతేనో?”

“ఆరేళ్ళ బేరం ఆడు వొదులుకుంటాడేటి?”

వేలం రోజున రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. పోతురాజు ఎనభై వేలన్నాడు. ఆడవాళ్ళ గుంపులోంచి మా ఆవిడ తొంభై అంది. అతను లక్ష, ఈవిడ లక్షా పది. లక్షా యాభై దగ్గర నాకు చెమటలు పట్టాయి. లక్షా అరవై అని ఈవిడ అనగానే పోతురాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“నువ్వే ఏలుకో వొదినా,” అని నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. తప్పెట మోగింది. మా ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అమ్మవారి పేరున పాడిన పాట వెనక్కి తీసుకోకూడదు. గేదె కొనడానికి దాచిన డబ్బు పోయింది. ఈశ్వరి చేతుల బంగారు గాజులు, వాళ్ళమ్మ పెట్టినవి, రాజాంలో తాకట్టుకి వెళ్ళాయి. ఏడాది తిరిగేలోగా సీసాలు అమ్మి విడిపించుకుంటే సరి, లేకపోతే అవి పోయినట్టే.

అయినా పంతం పంతమే. మా వీధి గదిలో షాపు పెట్టి, తలుపు మీద సుద్దముక్కతో ‘క్వార్టరు 250’ అని రాసింది.

“మొగుడికి కూడానా?” అన్నాను.

“మొగుడికే ముందు!”

రాజాం వెళ్ళి తెచ్చుకుందామంటే, పాట పాడినవాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడ కొన్నా ఊరి జరిమానా. మగాళ్ళందరూ ఒక వారం తిట్టుకున్నారు. రెండో వారం రోజు విడిచి రోజు తాగారు. నెల తిరిగేసరికి ఊరు ఊరంతా వేళకి అన్నాలు తినడం మొదలెట్టింది. నేను ఇరవైమూడు రోజులు ముట్టుకోలేదు. ఒళ్ళు నొప్పులు కూడా తగ్గాయి గానీ, పరువు పోతుందని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి గున్నమ్మ వచ్చి ఈశ్వరి చేతులు పట్టుకుంది. “మా ఆయన పూర్తిగా మానేసాడే. నీ కడుపు సల్లగుండ!”

మా ఆవిడ మొహం మాడిపోయింది. “పూర్తిగానా? వారానికొకటైనా తాగడా?”

అప్పటినుంచి దారిన పోయే ప్రతి మగాడినీ గుమ్మంలో నిలబడి పలకరించేది. “ఏటి బావా, కనపడ్డమే మానేసావు? ఒంట్లో బాగానే ఉన్నాదా?” వాళ్ళు తల దించుకుని, తప్పు చేసినట్టు తప్పుకుపోయేవారు. వాళ్ళలో ఒక్కడు కూడా లోపలికి రాలేదు.

నేను మానేసిన ఇరవైమూడో రోజు సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి, నా ముందు గ్లాసు, వేయించిన వేరుశనగ పలుకులు, ఒక క్వార్టరు పెట్టింది.

“నూట పాతిక్కి ఇత్తాను మావా. ఎవలకీ సెప్పకు.”

నాకు నోరూరింది, అబద్ధమెందుకు. చెయ్యి కూడా సాచాను. సీసా నా వైపు జరుపుతున్న ఆమె చేతులు చూశాను. గాజులుండే చోట రెండు తెల్లటి గీతలున్నాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

“నాకొద్దు,” అన్నాను. “నువ్వు ధర తగ్గిస్తే ఊరంతా మళ్ళీ మొదలెడతాది. అందరికన్నా ముందు నేనే.”

 ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“ధర పెంచితే మీరు మానేసారు మావా. అమ్ముతన్న నానే మానలేకపోతన్నాను.”

మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర చప్పుడైతే లేచి చూశాను. ఈశ్వరి చీర చెంగుతో రెండొందల యాభైని చెరిపేసి, బోసి చేత్తో అయిదొందలు రాస్తోంది.