మోచెయ్యి చెప్పిన సాక్ష్యం

కత్తెరమ్మకు అన్యాయం జరిగింది జూన్ పదకొండో తారీఖున. యూనిఫారాలు కుట్టే కంపెనీలో పందొమ్మిదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి ఆమె. ఆ రోజు ఆమె ఫైల్లో సూపర్‌వైజరు ఒక్క ముక్క గిలికి పడేశాడు: "మోచేతి నొప్పి మనవణ్ణి ఎత్తుకోవడం వల్ల వచ్చింది. కంపెనీకి సంబంధం లేదు." అంటే జీతంతో సెలవు లేదు. నెలాఖరుకల్లా కత్తెర పట్టకపోతే ఉద్యోగమూ లేదు.

కత్తెర దాకా ఎందుకు, మగ్గు పట్టుకున్నా మోచేతి లోపలి ఎముక దగ్గర నిప్పు రాజుకునేది. అందుకే రోజూ పొద్దున్నే ఫిజియో దగ్గరికి వెళ్లేది. బల్లమీద చెయ్యి ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఐదంకెలు లెక్కపెడుతూ మణికట్టును మెల్లగా దించాలి. లేపేటప్పుడు రెండో చేత్తో సాయం.

"పిన్నిగారూ, దించమన్నాను, పారెయ్యమనలేదు," అనేది ఫిజియో.

"కోపం సీసా మీద కాదులేమ్మా."

ఆ గదిలో నొప్పి ఉన్నచోట నొక్కితే, దాన్ని తెచ్చిపెట్టిన పని చప్పుడు బయటికొచ్చేది. వడ్రంగి మోచేతిలోంచి సుత్తి దెబ్బలు, టైపిస్టు మణికట్టులోంచి టకటకలు. వరసలో కూర్చున్నవాళ్లు "కాస్త మెల్లగా నొక్కమ్మా, ఫోన్ మాట్లాడుతున్నా" అనేవారు. అంతే.

కత్తెరమ్మ లేబరాఫీసులో అర్జీ పెట్టుకుంది. విచారణకు ఆఫీసరమ్మ ఆ గదికే వచ్చింది. వెనకాలే సూపర్‌వైజరు, పెళ్లిచూపులకొచ్చినట్టు ఇస్త్రీ చొక్కాలో.

"నొక్కండి. మనవడి గోలే వస్తుంది," అన్నాడు.

ఫిజియో నొక్కింది. మనవడి కిలకిల నవ్వే వచ్చింది. పొద్దున వాణ్ణి ఎత్తుకున్న మాట నిజమే. సొంత చెయ్యే కొంప ముంచిందనుకుంది కత్తెరమ్మ.

"చెప్పానా మేడం?"

"ఇది పైపైది, ఇవాళ్టిది," అంది ఫిజియో. "పాతది లోపలుంటుంది. పిన్నిగారూ, గుప్పెట బిగించి మణికట్టు లోపలికి వంచండి. నేను అడ్డం పడతాను, మీరు వదలొద్దు."

కత్తెరమ్మ పళ్లు కరుచుకుని వంచింది. అప్పుడొచ్చింది అసలు చప్పుడు. కచక్‌మని తెగే చప్పుడనుకునేరు! పళ్లూడిన ముసలి కుక్క చెప్పు నమిలినట్టు, మొండి కత్తెర దళసరి గుడ్డను నములుతున్న చప్పుడు. తాన్ల కొద్దీ. ఆ నమలడం మధ్యలోంచి ఒక మగ గొంతు: "సాన పట్టించడం దండగ! సానవాణ్ణి ఇక రానివ్వకండి. ఉన్నదాంతోనే లాగించండి!"

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. వడ్రంగి మాత్రం, "గొంతు బానే ఉంది, బుద్ధికే సాన లేదు," అన్నాడు.

ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. "మీ గొంతేనా?"

"అంత బొంగురుగా ఉంటుందా మేడం నాది?" అన్నాడు సూపర్‌వైజరు, అచ్చం ఆ బొంగురుగానే.

"ఎప్పుడన్న మాట ఇది?"

అతను గోడకేసి చూశాడు, ఫిజియోకేసి చూశాడు. కత్తెరమ్మకేసి మాత్రం చూడలేకపోయాడు. ఆఫీసరమ్మ కాగితం మీద పెన్ను ఆనించి అలాగే కూర్చుంది. చివరికి తారీఖు గొణిగాడు.

ఆఫీసరమ్మ ఫైల్లో అతను రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రాసింది: "పనిలో తగిలిన గాయం. పూర్తిగా నయమయ్యేదాకా జీతంతో సెలవు. గాయం మొదలు: మార్చి మూడు, మంగళవారం."