కొనేవాడు పొగడకూడదు

ఊరిగాం నుంచి బయలుదేరిన పొద్దు శ్రీకంఠయ్య చేతిలో ఉన్నది ఒక గుడ్డసంచి. అందులో గింజ పట్టిన కొత్త పంట అనపకాయలు, ఒక కాఫీపొడి పొట్లం, ఒక జత బట్టలు. మొలతాడుకు అంగడి తాళంచెవి. మనసులో ఒక బేరం. పిల్లప్పను వెనక్కి పిలుచుకొని రావడమే ఆ బేరం, మిగతాదంతా కొసరు.

పిల్లప్ప బైరకూరు రైతుబిడ్డ. మీసాలు రాని వయసులో ఊరిగాం బంగారు గనిలోకి దిగి, గని మూసిన రోజు పైకి వచ్చినవాడు. షిఫ్టు ఏదైనా సరే, ఇంటికి పోయే ముందు శ్రీకంఠయ్య అంగడి ముందరి బల్ల మీద కాసేపు కూర్చుంటేనే అతనికి పొద్దు పోయినట్టు. అతను కొనేదీ ఉండేది కాదు, ఈయన అమ్మేదీ ఉండేది కాదు. అతని దగ్గుకూ దగ్గుకూ నడుమ రెండు మాటలు, అంతే. ముప్పై ఏళ్ళు అట్లా జరిగిపోయినాయి. గని మూతపడినాక కూతురు హనుమక్క వచ్చి తండ్రిని తనతో తీసుకుపోయింది. ఆమె కాపురం మహాబలిపురం అవతల, సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పల్లెలో. ఆమె మొగుడు అక్కడ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు.

పోయినవాడు ఊరికే కూర్చోలేదు. మద్రాసు నుంచి సరదాకు వచ్చేవాళ్ళను పొద్దున్నే పడవ ఎక్కించుకొని, సముద్రం అడుగున తిరిగే చేపలను గాలంతో పట్టించి, సాయంత్రానికి ఒడ్డుకు చేర్చే పని నేర్చుకున్నాడు. "ఒక్క పొద్దు వచ్చి చూడరాదా సెట్టీ" అని ఫోనులో పిలుస్తూనే ఉన్నాడు. "అంగడి ఎవరు చూస్తారప్పా" అని శ్రీకంఠయ్య దాటేస్తూనే ఉన్నాడు.

నిజం చెప్పాలంటే అంగడిలో చూసేదానికి ఏమీ లేదు. తెల్లారకముందే ఊరంతా బెంగళూరు రైలెక్కి పనికి పోతుంది, చీకటి పడినాక దిగుతుంది, బియ్యమూ పప్పూ అక్కడే కొనుక్కొని వస్తుంది. పగలంతా బజారులోకి వచ్చేది గని వదిలిపోయిన సైనైడ్ మట్టి దిబ్బల మీది దుమ్మే. భార్య మీనాక్షమ్మ పోయినాక ఇంట్లోనూ మాట లేదు. ఒకనాడు కందిపప్పు తూస్తూ తూస్తూ "ఈసారి పప్పు బాగా ఉడుకుతాది పిల్లప్పా" అని పైకే అనేసి బల్ల వైపు తిరిగినాడు. పప్పు కోసం వచ్చిన గురువమ్మ కూడా బల్ల వైపు చూసింది. తరువాత ఇద్దరూ త్రాసు వైపు చూసినారు.

ఆ వారంలోనే శ్రీకంఠయ్య అంగడి వెనక గదిలో ఖాళీ డబ్బాలు తీయించి, సున్నం కొట్టించి, మంచం వేయించినాడు. గది సిద్ధం. మనిషి రావడమే తరువాయి.

మనిషిని ఎట్లా అడగాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తండ్రి వెంకటేశయ్య చిన్నప్పుడే నూరిపోసినాడు: కొనేవాడు సరుకును పొగడకూడదు, నచ్చినకొద్దీ వంకలు పెట్టాలి. కావలసింది ముందుగా నోరు తెరిచి అడిగినవాడు అక్కడే సగం ఓడినట్టు. ఆ లెక్కన సముద్రాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తక్కువ చేసి మాట్లాడితే, పిల్లప్పకు దాని మీది మోజు తగ్గుతుంది. మోజు తగ్గినవాడికి ఊరు గుర్తుకొస్తుంది. అప్పుడు గది మాట ఎత్తవచ్చు.

తెల్లారేసరికి శ్రీకంఠయ్య బస్సు దిగి పల్లెకు చేరినాడు. పిల్లప్ప ఇసుకలో ఎదురుగా నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టినాడు, మనిషి నల్లబడినాడు.

"వచ్చినావా సెట్టీ. అంగడి ఏడుస్తా ఉంటాదేమో."

"తాళం వేసి వచ్చినాను. కొత్త తాళం."

"పాపం దొంగ. అంత కష్టపడి పగలగొడితే లోపల బూజు దొరుకుతాది."

హనుమక్క కాఫీ ఇచ్చింది. శ్రీకంఠయ్య ఒక గుక్క తాగి, "ఉప్పు తగులుతా ఉండాది. మన బేతమంగళ చెరువు నీళ్ళు తాగినోళ్ళకు ఇది యాడ సరిపోతాది" అన్నాడు. హనుమక్క నవ్వి లోపలికి పోయింది. పిల్లప్ప నవ్వలేదు.

పడవలో ముగ్గురే. ఇంజను దగ్గర కూర్చున్న పెద్దాయనకు అరవం తప్ప మరో భాష రాదు. ఒడ్డు సన్నటి గీత అయ్యేదాకా పోయినాక ఇంజను ఆపి, లంగరు వేసినారు. ఇంజను ఆగగానే వచ్చిన నిశ్శబ్దం శ్రీకంఠయ్య ఎరగనిది. ఊళ్ళో నిశ్శబ్దంలో ఎవరో లేనట్టు ఉంటుంది. ఇక్కడ ఆ వెలితి లేదు.

"కింద బండ ఉండాది," అన్నాడు పిల్లప్ప. "బండ ఉన్నచోటే చేప ఉంటాది. పద్దెనిమిది బారల లోతు."

"అంతేనా? నువ్వు గనిలో దిగినదానికి ఇది గడప కూడా కాదు. దీనికి సముద్రం అని పేరు ఒకటి."

"ఆ లోతులో నేను బువ్వ తిన్నాను సెట్టీ. ఈ లోతులో తినేది చేపలు. నువ్వు కాసేపు మాట్లాడకుండా ఉంటే అవి తింటాయి."

దారం చివర సీసపు గుండు ఉంది. శ్రీకంఠయ్య దాన్ని అరచేతిలో ఆడించి, "పావుకిలో అని చెప్పి అమ్మినారా? రవ్వంత తక్కువ ఉండాది" అన్నాడు. పిల్లప్ప గాలానికి రొయ్య గుచ్చుతుంటే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను దాన్ని ముట్టను."

"నిన్ను ముట్టమన్నదెవరు? దారం పట్టుకో. దారం శాకాహారమే."

గుండును నీళ్ళలోకి వదిలినారు. చూపుడువేలి మీదుగా దారం జారుతూ పోయింది, పోయింది, ఉన్నట్టుండి వదులైంది.

"అడుగు తగిలింది. ఇంగ మూరెడు పైకి లాగి పట్టుకో. త్రాసు ముల్లును చూస్తావే, అట్ల వేలిని చూసుకో. చేప కొరికితే ముల్లు ఆడుతాది."

శ్రీకంఠయ్య వేలిని చూసుకున్నాడు. కంటికి కనపడని బండ మీద గుండు తగిలీ తగలనట్టు ఆడుతున్నది వేలికి తెలుస్తున్నది. అరవై ఏళ్ళు తూకం వేసిన చెయ్యి అది. అంత దూరం నుంచి ఒక కబురు వేలికి రావడం ఆయనకు వింతగా తోచింది, హాయిగానూ ఉండింది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. మింగి, "చెయ్యి నొప్పి పుడుతాది ఈ పనికి" అన్నాడు.

పిల్లప్ప ఊఁ అన్నాడు.

పొద్దెక్కేకొద్దీ పిల్లప్ప ఒకటొకటే చూపించినాడు. గుంపుగా ఎగిరే తెల్ల పక్షులను చూపించినాడు. "ఇవి కాకులకన్నా ఎక్కువ అరుస్తాయే" అన్నాడు శ్రీకంఠయ్య. గాలి ఎట్లుంది అని పిల్లప్ప అడిగినాడు. "జిగట. ఒళ్ళంతా బెల్లంపాకం పూసినట్టుండాది." చివరికి ఒడ్డు వైపు చెయ్యి చాపి, "అదో, పొద్దున పడవ ఎక్కినచోట ఎర్ర పెంకుల వరుస చూసినావే. పడవలన్నీ దాని ముందరే దిగుతాయి. జనం బాగానే తిరుగుతారు" అన్నాడు.

"జనమా? ఇసుకలో నాలుగు పెంకులు. ఈ ఊళ్ళో అంగడి పెట్టినోడు ఈగలు తోలుకోవాల్సిందే."

పిల్లప్ప చాపిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

అప్పుడే ముల్లు ఆడింది. ఒకసారి చిన్నగా, మళ్ళీ ఒకసారి, ఆ తరువాత చెయ్యి కిందికి పోయేంత బలంగా. శ్రీకంఠయ్య లేచి నిలబడబోయి పడవ ఊగితే కూలబడినాడు. "లాగు, లాగు, వదలొద్దు" అంటూ పిల్లప్ప వెనక నుంచి భుజాలు పట్టుకున్నాడు. బార తరువాత బార దారం పైకి వచ్చింది. వేలు తెగింది, ఆయనకు తెలియలేదు. నీళ్ళలో ముందు ఒక ఎర్రటి మెరుపు, దాని వెనక జానెడున్నర చేప.

"శంకరా అంటారు దీన్ని ఇక్కడ. నీ దేవుడి పేరు పెట్టుకొని నీ చేతికే వచ్చింది చూడు."

శ్రీకంఠయ్య నవ్వినాడు. గొంతులోంచి, పొట్టలోంచి వచ్చిన నవ్వు. మీనాక్షమ్మ పోయినాక ఆయన అట్లా నవ్వింది లేదు. ఇంజను దగ్గరి పెద్దాయన కూడా నవ్వినాడు. పిల్లప్ప శ్రీకంఠయ్య మొహంలోకే చూస్తూ అడిగినాడు.

"నచ్చిందా సెట్టీ?"

ఇంత వేళ పట్టుకొచ్చిన బేరం. ఇప్పుడు అవునంటే మొత్తం పోయినట్టే అనుకున్నాడు శ్రీకంఠయ్య. నవ్వు ఆపి, తుండుగుడ్డతో వేలి నెత్తురు అద్దుకున్నాడు.

"ఈ మాత్రం చేపకా ఇంత దూరం? సంతలో బుట్టలో పెట్టి అమ్ముతారు."

పిల్లప్ప చేపను గాలం నుంచి విడిపించి నీళ్ళ డబ్బాలో వేసినాడు. తరువాత ఫోను తీసి, పడవ ముందు కొసకు పోయి, ఎవరితోనో అరవంలో, "వద్దులే అన్నా, వాళ్ళకే ఇచ్చెయ్యి" అన్నాడు. ఊరిగాంలో బతికినవాడికి అరవం రాకపోదు, ఆ మాట ఈయనకూ అర్థమైంది. రేపటి పడవ గురించి కాబోలు అనుకున్నాడు శ్రీకంఠయ్య.

ఆ తరువాత చేపలు పడినాయి గానీ మాట పడలేదు. పొద్దు వాలుతుంటే ఒడ్డుకు వచ్చినారు. పెద్దాయన పడవ కడుగుతున్నాడు. సరుకు విలువ తగ్గింది, అడిగే వేళ అయ్యిందని శ్రీకంఠయ్య సంచిలోంచి అనపకాయలు తీసి పిల్లప్ప ఒడిలో పెట్టినాడు.

"ఊరికి పోదాం రా పిల్లప్పా. అంగడి వెనక గదికి సున్నం కొట్టించినాను. మంచం కూడా వేయించినాను."

పిల్లప్ప ఒక కాయను ఒలిచి, పచ్చి గింజ నోట్లో వేసుకొని చాలా సేపు నమిలినాడు.

"పొద్దుటి నుంచి నేను దగ్గినానా సెట్టీ?"

శ్రీకంఠయ్య ఆలోచించినాడు. లేదు. ఒక్కసారి కూడా లేదు. అన్నీ చూసి, అన్నిటికీ వంక పెట్టి, అది ఒక్కటి చూడలేదు.

"ఊళ్ళో గోడకు ఆనుకొని కూర్చొని నిద్రపోయేవాణ్ణి. ఇక్కడ పడుకొని నిద్రపోతా ఉండాను. ఆ దిబ్బల దుమ్ములోకి ఇంగ నేను రాలేను. అందుకే నిన్నే ఇక్కడికి పిలుద్దామనుకున్నాను."

"నన్నా?"

"ఆ ఎర్ర పెంకుల వరుసలో ఒక అంగడి ఖాళీగా ఉండాది. వెనక ఒక గది. పడవలోళ్ళకు బియ్యం, పప్పు, ఉప్పు ఇచ్చేవాడు ఇక్కడ లేడు. ఈ పొద్దు దాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి పట్టి పెట్టినాను. నువ్వు చూస్తే, నచ్చితే అడుగుదామని. మధ్యాహ్నం ఫోను చేసి వదిలేసినాను. ఐసు అమ్మేవాళ్ళు తీసుకున్నారు."

అలలు వచ్చి పడవ కింద ఇసుకను లాక్కుపోయినాయి. శ్రీకంఠయ్య ఎర్ర పెంకుల వరుస వైపు తిరిగి చూసినాడు.

"ముప్పై ఏళ్ళు నా బల్ల మీద కూర్చున్నావు. సరుకు నచ్చితే నేను ఎట్ల మాట్లాడుతానో నీకు తెలీదా పిల్లప్పా?"

"తెలుసు. కానీ నేను అమ్మేదానికి రాలేదు కదా సెట్టీ. చూపించేదానికి వచ్చినాను."

"వాళ్ళను మళ్ళీ అడగరాదా?"

"మాట ఇచ్చేసినాను. నువ్వైతే తిప్పుతావా?"

తిప్పడు. అది ఇద్దరికీ తెలుసు. పిల్లప్ప బస్సు దాకా వచ్చి, సంచి అందించి, బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకొని నిలబడినాడు. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

తిరిగొచ్చి అంగడి తాళం తీసిన పొద్దు గురువమ్మ రాళ్ళుప్పు కోసం వచ్చింది. "సముద్రానికి పోయినావంట కదా సెట్టీ. ఎట్లుండాది?"

"ఆఁ, ఏముంది" అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. శ్రీకంఠయ్య దాన్ని ఆపినాడు.

"బాగుండాదమ్మా. చానా బాగుండాది."

"అంత బాగుంటే ఇంకా నాలుగు దినాలు ఉండి రాకపోతివా?"

"అడిగే లోపల వేరేవాళ్ళకు పోయింది."

గురువమ్మకు అర్థం కాలేదు. గిన్నె ముందుకు జరిపింది.

అనపకాయలు, కాఫీపొడి అక్కడ ఇచ్చి వచ్చినాడు. చేప హనుమక్క ఇంట్లో ఉడికింది. పిల్లప్ప రాలేదు. వెనక గదిలో మంచం వేసిన చోటనే ఉంది. ఆయన వెంట వచ్చింది చూపుడువేలి మీద దారం కోసిన సన్నటి గాటు ఒక్కటే. ఉప్పు బస్తాలో గరిట ఉంది. శ్రీకంఠయ్య దాన్ని పక్కకు పెట్టి, గాటు పడిన చేత్తోనే ఉప్పు తీసి త్రాసులో పోసినాడు.